తప్పిపోయిన మేకపిల్ల కథ

చిన్నప్పుడు నేను పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మల పుస్తకం ఒకటుంది. సంతలో తప్పిపోయిన మేకపిల్ల తల్లిని వెతుక్కునే కథ. మొన్న ఆదోనిలో అమ్మావాళ్లింట్లో అది దొరికితే, నందవరం దగ్గర నేను పనిచేసే బడికి తీసుకెళ్లి రెండో తరగతి పిల్లలకు చదవడం మొదలుపెట్టాను.

మూడో పేజీలోనే ఒక పాప లేచి నిలబడింది. వాళ్లింట్లో మేకలున్నాయి.

"తల్లిమేక గమ్మునుంటాదా టీచర్? అది గూడా అరుస్తాంటాది కదా," అంది.

పుస్తకంలో ఆ మాట లేదు. ఇన్నేళ్లలో నాకూ తోచలేదు.

"ఎట్ల అరుస్తాది?" అని అడిగాను.

పాప గొంతు సాగదీసి అరిచి చూపించింది. మిగిలినవాళ్లు ఊరుకుంటారా, తరగతంతా మేకల మందైపోయింది. పక్క గదిలోంచి హెడ్మాస్టరుగారు పరుగున వచ్చారు.

"మేకలు యాడ దూరినాయమ్మా?" అంటూ తలుపు చాటున వెతికారు. నేను నవ్వాపుకోలేక పుస్తకం చూపించాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "ఇంతకీ తల్లి దొరికిందా?" అన్నారు.

"ఇంకా సదవలేదు సార్. కూసోండి, తెలుస్తాది," అంది పాప.

ఆయన పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. నేను మళ్లీ మొదటి పేజీ తీశాను. ఈసారి తల్లిమేక అరుపులు పాప చూసుకుంది.