విరిగిన గొర్రు పళ్ల గోడ

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక నడుస్తుంటే ఇనుము కోస్తున్న వాసన తగిలింది. కాళ్లు ఆగిపోయాయి. బాలమణక్క పోయి ఇన్నేళ్లయినా ఆ వాసన ఆమెదే.

ఆమె కమ్మరి ఇంటి కోడలు. భర్త పోయాక కొలిమి పక్కన వెల్డింగ్ మిషను పెట్టి, ట్రాక్టరుతో విత్తే గొర్రులు చేసింది. పనివాళ్లం ఇద్దరమే. బయటి కంపెనీల గొర్రు నల్లరేగడిలో నడుస్తుంది. మా చెలకల్లో, ఈ రాళ్ల ఎర్రనేలల్లో, రాయి తగిలితే పళ్లు విరుగుతాయి. హైదరాబాద్ దగ్గరే కాబట్టి పాత లారీల కమాను పట్టీలు దొరికేవి. వాటితో అక్క, రాయి తగిలితే వెనక్కి వంగి మళ్లీ నిలబడే పన్ను చేసింది. ఆమెకు ఇంజనీరు లేడు, ఒక గోడ ఉండేది. విరిగిన ప్రతి ముక్కనూ దానికి వేలాడదీసి, ఎవరి చేనులో ఎట్లా విరిగిందో చూసినవాడే పక్కన సుద్దతో రాయాలి. కొత్త గొర్రు మొదలుపెట్టే ముందు అక్క ఆ గోడంతా చదివేది.

నాకప్పుడు నలభై ఏళ్లు, అక్షరం రాదు. ఆ సంగతి దాచి, రెండో పనివాడితో రాయించేవాణ్ణి. అతను రాని రోజున ఒక చేనులో గొర్రు నడిపి చూస్తుంటే పన్ను అతుకు దగ్గర విరిగింది. రాయలేక ఆ ముక్కను పాత ఇనుములో పడేశాను. అక్క అదే అతుకుతో ఇంకో గొర్రు చేసి కిరాయికి ట్రాక్టరు నడిపే అతనికి ఇచ్చింది.

తొలి వాన పడగానే అతను విత్తడానికి పోయింది అంజమ్మ చేనుకు. ఒంటరి మనిషి, ఉన్నది రెండెకరాలు. సగం కందులు పడేసరికి మూడు పళ్లు విరిగాయి. మేము బాగుచేసేలోపు ఎండ కాసి, విత్తనం మొలిచేంత తడి, ఆ పదును ఆరిపోయింది.

అంజమ్మ షాపు ముందు నిలబడింది. "బాలమణీ, మల్ల వాన నువ్వు తెస్తవా?"

అక్క గోడ దిక్కు చూసింది. "గీ అతుకు మునుపెన్నడు ఇరగలే గదనే!"

"ఇరిగిందక్కా," అన్నాను. "నేనే దాచిన. నాకు రాయరాదు."

"రాయరాకుంటే నోరు లేదార నీకు?"

"మీ ఇద్దరి నోర్లు మంచిగనే ఉన్నయ్," అంది అంజమ్మ. "నా కడుపు సంగతి చెప్పుండ్రి."

ఆ ఏడు ఆమె చేను సగం బీడుగానే ఉండిపోయింది.

అక్క నన్ను వెళ్లగొడుతుందనుకున్నాను. సుద్దముక్క చేతిలో పెట్టి, నా వేళ్లు పట్టి గోడ మీద రాయించింది. నేను జీవితంలో రాసిన మొదటి మాట 'అంజమ్మ చేను'. నా పేరు రాయడం తరవాత నేర్చుకున్నాను.

ఇప్పుడు ఇక్కడ కొత్తగా వెల్డింగ్ షెడ్లు పెట్టే పిల్లలు సలహాకు నా దగ్గరికి వస్తారు. మిషన్ల సంగతి అడుగుతారు. నేను ఒక్కటే అడుగుతాను: తప్పు చేశానని ఒప్పుకున్నవాడు మర్నాడు మీ దగ్గర పనికి రాగలడా?