దిమ్మిస కొట్టించిన ఇసుక

2022 మార్చి. మార్కాపురంలో ఒక ప్లాన్ల ఆఫీసులో చేరి అప్పటికి నాకు ఐదేళ్ళు. మా సారు రిటైరైన ఇంజనీరు. ఇళ్ళకు ప్లాన్లు గీయడం, ఎస్టిమేట్లు వేయడం, చిన్న పనులైతే దగ్గరుండి చేయించడం మా పని. నేను బి.టెక్. సివిల్ చదివాను. నా కూతురికి అప్పుడు నాలుగేళ్ళు.

ఒకరోజు గిద్దలూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. శనగలు, వేరుశనక్కాయల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. ఐదేళ్ళ మనవరాలు మోక్షిత కోసం ఆయన కొడుకు హైదరాబాదు నుంచి ఆట సామాను తెప్పించాడు. జారుడుబల్ల, ఉయ్యాల, ఎక్కే నిచ్చెన అన్నీ కలిసి ఉన్నది. దాన్ని పెరట్లో బిగించాలి. కింద నేల ఎట్లా ఉండాలో చెప్పి చేయించే మనిషి కావాలి.

"ఈ పని నువ్వు చూడమ్మా. నీకూ చిన్నపిల్ల ఉంది, నీకే బాగా తెలుస్తాది" అన్నారు సారు.

నిజానికి నాకేమీ తెలియదు. కాలేజీలో నాలుగేళ్ళూ నేర్చుకున్నది నేలను గట్టిపరచడమే. దాన్ని కాంపాక్షన్ అంటాం. మట్టినో ఇసుకనో పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి లోపలి సందులన్నీ పూడ్చడం. దిమ్మిస అంటే నిలువు పిడి ఉన్న బరువైన ఇనుప దిమ్మె. అట్లా కొట్టకపోతే పైన వేసిన బండలు కుంగుతాయి, పగులుతాయి. పిల్లలు ఆడే నేల దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండాలని అప్పుడు చదివి తెలుసుకున్నాను. ఫాల్ హైట్ అని ఒక లెక్క ఉంది. అంటే బిడ్డ ఎంత ఎత్తు నుంచి పడే వీలుందో ఆ ఎత్తు. దాన్ని బట్టి కింద మెత్తటి సరుకు ఎంత లోతు పోయాలో నిర్ణయిస్తారు. సిమెంటు, బండలు, గట్టిమట్టి పనికిరావు. గడ్డి వేసినా మా ఎండలకు నెల తిరక్కుండా మాడి కటిక నేల మిగులుతుంది. అడుగు లోతు ఇసుక విడిగా ఉంటే, పడిన ఒంటి కింద అది పక్కలకు జరిగి దెబ్బను తాను తీసుకుంటుంది. ఎస్టిమేట్లో అదే రాశాను: "వాగు ఇసుక, పన్నెండు అంగుళాలు, విడిగా." విడిగా అన్న మాట కింద గీత కూడా గీశాను.

గిద్దలూరులో వాళ్ళ పెరడంతా నల్లటి పలక బండలు పరిచి ఉన్నాయి. మా వైపు అది మామూలే. వాటి మీద మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకుంటారు. పెద్దాయన భార్య ఆ బండలు తీయనివ్వలేదు. "పిల్ల పెద్దదైనాక ఇసుక ఎత్తేసి మళ్ళా వడియాలు పెట్టుకుంటాం గదా తల్లీ" అంది. పైన అడుగు ఇసుక ఉంటుంది కదా అని ఒప్పుకున్నాను.

వాళ్ళ కోడలు శ్రావణి నాకంటే రెండేళ్ళు చిన్నది. పుట్టిల్లు పొదిలి. కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, అత్త లోపలికి పోయేదాకా ఆగి అడిగింది.

"అక్కా, మాది ఊరికే ఉండే పిల్ల కాదు. మెట్ల మీదనుంచి కూడా దూకుతాది. పడితే ఏం కాదు గదా?"

"ఏం కాదు. నాకూ ఆడపిల్లే. నీ బిడ్డయితే ఒకటి, నా బిడ్డయితే ఒకటా?" అన్నాను.

ఇసుక పోయించిన మూడోరోజు పెద్దాయన ఫోన్ చేశారు.

"ఏంది అమ్మాయ్ ఇది? కాలు పెడితే మడమల దాకా దిగిపోతాంది. మంచం మీద ఇసుక, వంటింట్లో ఇసుక. మార్కాపురం నుంచి ఇంజనీరును పిలిపించినానంటే మా బజారోళ్ళు నవ్వుతాండారు. ఈ మాత్రం ట్రాక్టరోడు కూడా పోసిపోతాడు గదా!"

ఆ చివరి మాట నాకు తగిలింది. అది అట్లాగే ఉండాలి పెద్దనాయనా, కాళ్ళు కడుక్కోవడానికి గడప దగ్గర ఒక తొట్టి పెట్టుకుందాం అని ఉంటే సరిపోయేది. సారుకు చెప్తారేమో, నాకు పని రాదనుకుంటారేమో అని భయపడ్డాను. మరుసటిరోజే మేస్త్రి మస్తాన్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. అతనిది అర్ధవీడు, ఇరవై ఏళ్ళుగా మా సారు పనులన్నీ అతనే చేస్తాడు.

"డస్ట్ రెండంగుళాలు పోసి నీళ్ళు కొడితే పట్టుకుంటాది మేడం" అన్నాడు. డస్ట్ అంటే కంకర మిల్లులో మిగిలే రాతిపొడి. మళ్ళీ తనే సందేహపడ్డాడు. "దిమ్మిస కొట్టాల్నా మరి? మెత్తగ ఉండాలని మొన్న మీరే అంటిరి గదా."

"కొట్టు మస్తాన్. లేకపోతే కుంగుతుంది."

కుంగడం కోసమే ఆ ఇసుక పోయించింది. ఆ మాట అనేటప్పుడు అది నాకు గుర్తులేదని చెప్పుకోవాలని ఉంటుంది. గుర్తుంది. ఒక మూలన గుర్తుండగానే, చదువుకున్న రోజుల నుంచి నోటికి అలవాటైన మాట వచ్చేసింది. సాయంత్రానికి నేల బల్లపరుపుగా, చీపురుతో ఊడ్చుకునేటట్లు తయారైంది. పెద్దాయన చెప్పుకాలితో తన్ని చూసి "ఇదీ పనంటే" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. ఆఫీసులో చూపించడానికి ఫోటోలు కూడా తీసుకున్నాను.

ఆదివారం పని అప్పగించడానికి వెళ్ళాను. ఇంట్లో చూసేవాళ్ళు లేక నా కూతుర్ని కూడా తీసుకెళ్ళాను.

"మీ పాపనే ముందు ఎక్కియ్యి అమ్మాయ్. మహాలక్ష్మి మాదిరి ఉండాది, ఆ పిల్ల చేత్తో మొదలవనీ" అన్నారు పెద్దాయన.

అది అప్పటికే నిచ్చెన రెండో మెట్టు మీద ఉంది. నేను పోయి దాన్ని చంక కింద పట్టుకుని దించేశాను. "జలుబు చేసింది పెద్దనాయనా, ఎండలో ఆడితే జ్వరమొస్తుంది" అన్నాను. దానికి జలుబు లేదు. అది కాళ్ళు కొట్టుకుని ఏడ్చింది. మోక్షిత ఎక్కి జర్రున జారింది, అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లను ఒక చేత్తో అదిమి పట్టుకుని నేనూ కొట్టాను.

మూడు వారాల తర్వాత మోక్షిత ఆ నిచ్చెన పైమెట్టు మీద నుంచి పడింది. మోచెయ్యి విరిగింది. నంద్యాలలో ఆపరేషన్ చేసి పిన్నులు వేశారు. పిల్లను ఇంటికి తెచ్చాక, సారు చెబితే బత్తాయిలు తీసుకుని చూడడానికి వెళ్ళాను. పిల్ల చేతికి పెద్ద కట్టుతో నానమ్మ ఒళ్ళో పడుకుని ఉంది.

"చూడు తల్లీ" అంది ఆమె నాతో. "నువ్వు ఇంత మంచి నేల చేసిచ్చినావు. పిల్లను చూసుకోనీకి ఈమెకు కండ్లు లేకపాయె. ఫోన్లో పడి ఉంటాది. కన్నతల్లేనా ఇది?"

"నేను లోపల పాలు కాస్తాంటి అత్తా" అంది శ్రావణి. ఆ మాట అప్పటికి ఎన్నిసార్లు చెప్పుకుందో.

పెద్దాయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా, చదువుకున్నదానివి. నేలలో ఏమన్నా తప్పుందా?"

గదిలో అందరూ నన్నే చూశారు. శ్రావణి కూడా.

"పిల్లలు కదా పెద్దనాయనా. పడుతుంటారు" అన్నాను.

ఆయన తలూపారు. శ్రావణి కాఫీ తెస్తానని లేచి లోపలికి పోయింది. తెచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

మార్కాపురం వచ్చే బస్సులో నాకు నేనే వాదించుకున్నాను. విడి ఇసుక ఉన్నా చెయ్యి విరిగేదేమో. దిమ్మిస కొట్టమన్నట్లే మాట్లాడింది ఆయనే కదా. తల్లి దగ్గర ఉండాల్సింది కదా. ఈ మూడో మాట అనుకున్నందుకు ఇప్పటికీ నా మొహం నాకు చూడబుద్ధి కాదు. ఇంటికొచ్చి నా కూతురి మోచేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత దాన్ని ఎక్కడా ఎక్కనివ్వలేదు, స్కూల్లో ఉయ్యాల కూడా వద్దని టీచరుకు చెప్పాను. గిద్దలూరుకు మాత్రం ఫోన్ చేయలేదు.

రెండు నెలలు అట్లా గడిచాక, వేరే సైటులో మస్తాన్ టీ తాగుతూ చెప్పాడు. "గిద్దలూరోళ్ళు కోడల్ని పొదిలికి పంపినారంట మేడం. పిల్లను మాత్రం పెట్టుకున్నారు. ఈమె దగ్గర ఉంచితే ఇంకోసారి చంపుతాదని అనిందంట ముసిలామె." గ్లాసులో మిగిలిన టీ పారబోశాడు. "ఆ దిమ్మిస మనం కొట్టకుండా ఉండాల్సింది మేడం. నాకు నిద్రలో కూడా అదే అనిపిస్తాది."

కొట్టమన్నది నేను. మనం అన్నాడు అతను.

మరుసటిరోజు సారుకు అంతా చెప్పి, గిద్దలూరు వెళ్ళాను. పెద్దాయన, ఆయన భార్య ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కూర్చోకుండానే చెప్పాను. విడిగా ఉండాల్సిన ఇసుకను నేనే గట్టిపరిచానని, కింద బండ, పైన రాతిపొడి, అది రోడ్డుతో సమానమని, శ్రావణి పక్కనే నిలబడి ఉన్నా పిల్ల పడితే ఆ నేల కాపాడేది కాదని.

"మరి ఆ పొద్దు అడిగితిని గదమ్మా" అన్నారు పెద్దాయన. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె మాత్రం లేచి, గూట్లో ఉన్న ఫోన్ తీసి ఆయన చేతికిచ్చింది. "పొదిలికి చెయ్యి" అంది.

నా కూతుర్ని ఆ నిచ్చెన మీద నుంచి దించేసిన సంగతి మాత్రం ఆ రోజు కూడా చెప్పలేదు. నా నోరు చెప్పనిది ఆ ఆదివారమే నా చేతులకు తెలుసు. ఇది ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

వారం తర్వాత మస్తాన్, నేను పోయి ఆ నేల తవ్వించాం. పారకు లొంగలేదు, గడ్డపార వేయాల్సి వచ్చింది. బండలు కూడా ఎత్తించి, కొత్త ఇసుక పోయించాను. ఇప్పుడు పిల్లల ఆటస్థలం పని ఏదొచ్చినా ఇంటివాళ్ళ ముందే ఇసుకలో చెయ్యి గుచ్చి చూపిస్తాను. మణికట్టు దాకా దిగాలి. ఇసుక ఇంట్లోకి వస్తుందనీ, వారానికోసారి పారతో తిరగేయాలనీ ముందే చెప్తాను. వద్దనుకుంటే పని మానేసి వస్తాను.

ఆ రోజు శ్రావణి ఇసుక కుప్ప పక్కన నాతోపాటు నిలబడి ఉంది. మోక్షిత కట్టు విప్పిన చెయ్యి ఊపుకుంటూ కుప్ప మీద ఎక్కుతోంది. జారి ముందుకు పడింది. దెబ్బేమీ తగల్లేదు, నోట్లోకి ఇసుక పోయింది. ఏడుస్తూ లేచింది. శ్రావణి వంగి చేతులు చాపింది. పిల్ల ఆమెను దాటుకుని వంటింటి గడప దగ్గరున్న నానమ్మ దగ్గరికి పరుగెత్తింది.

శ్రావణి చేతులు దులుపుకుంది, వాటికి ఇసుకేమీ లేకపోయినా.

"నన్ను చూడక రెండు నెలలాయె గదక్కా" అంది. "మెల్లగా వస్తాదిలే."

నన్ను నొప్పించకూడదని ఆ మాట అంది. పెద్దాయన అడిగిన రోజే నేను నిజం చెప్పి ఉంటే, చెయ్యి మానేదాకా పిల్ల ఆమె ఒళ్ళోనే పడుకునేది.