తమ్ముడొచ్చాక బిగిద్దామనుకున్న కంప్యూటర్

ఆ వీధిలో ఎవరింట్లో కుట్టుమిషను మొరాయించినా అందరూ చెప్పే మాట ఒకటే: "మిషనక్కను పిలవండి." ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. భుజానికి గుడ్డ సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా, నాలుగైదు రకాల సూదులు. ఏ ఇంటికి వెళ్లినా ముందు మిషనును ముట్టుకోదు. "ఒకసారి తొక్కమ్మా, వింటాను," అంటుంది. సగం జబ్బు చప్పుడును బట్టే చెప్పేస్తుంది.

ఈ పని ఆమెకు తండ్రి నేర్పాడు. ఆయన పోయాక ముందుగదిలో ఆయన బల్ల దగ్గరే కూర్చుని కొనసాగించింది. భర్త బస్సు డిపోలో గుమాస్తా. "ఇంట్లో ఏది పాడైనా నన్ను చెయ్యి పెట్టనివ్వదు," అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. ఆయన చెయ్యి పెట్టిన టేబుల్ ఫ్యాను మళ్లీ తిరగలేదన్న సంగతి మాత్రం చెప్పడు.

ఆమెకు కంప్యూటర్ మీద మనసు పడింది నిన్న మొన్న కాదు. ఆమెకు ఇరవై నాలుగేళ్లప్పుడు పెద్దవీధిలో కంప్యూటర్ నేర్పే సంస్థ ఒకటి వెలిసింది. ముందంతా అద్దాల గోడ. తమ్ముడికి అప్పుడు పదిహేడు. సూదులు కొనడానికి అటు వెళ్లినప్పుడల్లా అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ అద్దం ముందు ఆగిపోయేవారు. ఇంట్లో చూస్తే ఒక్కరి ఫీజుకే దిక్కుంది. "వాడు నేర్చుకుంటే నాకు వచ్చినట్టే," అని తమ్ముణ్ణి చేర్పించింది.

వాడు రోజూ సాయంత్రం వచ్చి అక్కడ చెప్పినవన్నీ అక్కకు ఒప్పజెప్పేవాడు. దారపుండలొచ్చిన అట్టపెట్టె మూత చించి, దాని మీద పెన్సిలుతో కీబోర్డు గీశాడు. నొక్కితే ఎక్కడా ఏమీ పడని ఆ అట్ట మీదే ఆమె పది వేళ్లతో, చూడకుండా టైపు చేయడం నేర్చుకుంది. వాడు పక్కన కూర్చుని ఆమె వేళ్లనే కనిపెట్టుకుని ఉండేవాడు. "తప్పు కొట్టావక్కా, మళ్లీ మొదట్నుంచి," అనేవాడు.

"మనింట్లో నిజంది ఉంటే ఎంత బాగుండునురా," అంది ఒకరోజు.

"ఉంటుందక్కా. కానీ షాపులో డబ్బా కొనుక్కొచ్చి పెట్టుకోవడం కాదు. సామాన్లు తెచ్చుకుని మనిద్దరం కూర్చుని బిగించుకుందాం. ఇన్ని మిషన్లు ఊడదీసి బిగిస్తావు, అదో లెక్కా నీకు?"

ఆ మాటను ఆమె నమ్ముకుంది.

తర్వాత తమ్ముడు ఓడలో ఎలక్ట్రీషియన్‌గా కుదిరాడు. ఎనిమిది తొమ్మిది నెలలు నీళ్ల మీద, ఆ పైన నెలో నెలన్నరో సెలవు. పెళ్లయ్యాక భార్యాబిడ్డలు వేరే ఊళ్లో, అత్తగారింటి పక్కనే కాపురం పెట్టారు. సెలవంతా అక్కడే కరిగిపోయి, అక్క వాటాకు నాలుగు రోజులు మిగిలేవి. ఆ నాలుగు రోజులకీ వాడు ఒట్టి చేతులతో రాలేదు. ఒకసారి ఖాళీ క్యాబినెట్టు మోసుకొచ్చాడు. ఇంకోసారి దానికి కరెంటు అందించే పవర్ సప్లై తెచ్చాడు. మరోసారి మదర్‌బోర్డు, ఆ తర్వాత రెండేళ్లకు ప్రాసెసరు. ఎప్పుడొచ్చినా బస్సెక్కేటప్పుడు, "వచ్చేసారి బిగించేద్దామక్కా," అనేవాడు. ఒకసారి సామాను తక్కువయ్యేది, ఒకసారి రోజులు తక్కువయ్యేవి.

ఆమె ఒక్కోదాన్నీ పాత దిండు గలీబులో చుట్టి అటక మీద దాచేది. ఉండుండి దించి, విప్పి చూసి, మళ్లీ చుట్టేది. "దుమ్ము పడుతుందని," అనేది భర్తతో. గలీబులో ఉన్నదానికి దుమ్మెలా పడుతుందని ఆయన అడిగేవాడు కాదు.

అలా ఎన్నాళ్లు గడిచేదో గానీ, కుట్టు శిక్షణ కేంద్రం టీచరు ఒకరోజు మిషను బాగుచేయించుకోవడానికి వచ్చి, బల్ల మీదున్న నోటుపుస్తకాలు తిరగేసింది. మూడు పుస్తకాలు. ఏ మిషను ఎందుకు కుట్టు దాటేస్తుంది, దారం ఎక్కడ తెగితే ఏ స్క్రూ చూడాలి, అన్నీ ఇన్నేళ్లుగా మిషనక్క రాసిపెట్టుకున్నవే.

"అక్కా, ఇది టైపు చేసివ్వండి, మా పిల్లలకి పుస్తకంగా వేయిస్తాం. మూడు నెలల్లో కొత్త బ్యాచి మొదలవుతుంది."

బయట టైపు చేయించడానికి ఆమెకు మనసొప్పలేదు. "వాళ్లు కింద దారం తిప్పే షటిలును సెటిలు అని కొడతారు. పిల్లలు నన్ను తిట్టుకుంటారు," అంది ఇంటాయనతో.

"అయితే రెడీగా ఉన్నది ఒకటి కొనేద్దాం. ప్లగ్గు పెడితే వెలగాలి, అంతే కదా?"

"అటక మీద సగం కంప్యూటర్ ఉండగా ఇంకొకటి ఎందుకండీ?"

"సగం కంప్యూటరంటే సగం బస్సే. ఎక్కి కూర్చోవచ్చు, ఊరు చేరలేం."

ఆమె నవ్వలేదు. మర్నాడు మూటలన్నీ దించి, ఆటోలో వేసుకుని కంప్యూటర్లు బాగుచేసే షాపుకు తీసుకెళ్లింది. షాపాయన ఒక్కోటీ విప్పి బల్ల మీద పరిచాడు. ప్రాసెసరును వెలుతురుకు పట్టి చూశాడు, బోర్డును తిప్పి చూశాడు.

"అమ్మా, ఇది ఇందులో కూర్చోదు. రెండూ మంచివే. కానీ దీని సాకెట్టు వేరు."

"ఒక మిషను సూది ఇంకో మిషనుకు పట్టనట్టా?"

"సరిగ్గా అంతే. దీనికి సరిపోయే బోర్డు ఇప్పుడు కొత్తది రాదు. పాతది ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేను. అన్నీ కొత్తవి తెచ్చి అసెంబుల్ చేస్తే మీరనుకున్న దాంట్లో అవదు. ఏదో ఆఫీసులో వాడి తీసేసినవి నా దగ్గరున్నాయి, ఆరు నెలలు పూచీ నాది. మీకు అదే నయం."

"మా తమ్ముణ్ణి అడిగి చెప్తాను," అంది.

వారం తర్వాత ఓడ ఏదో రేవులో ఆగినప్పుడు వాడే ఫోన్ చేశాడు. ఆమె పుస్తకం సంగతి, గడువు సంగతి చెప్పింది. ముక్కలు ఒకదానికొకటి పట్టలేదన్న మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"కొనేయక్కా," అన్నాడు వాడు.

"ఏంట్రా?"

"కొనేయ్. పని ఆగకూడదు కదా. సెకండ్ హ్యాండ్‌దైనా పర్లేదు."

వాడు అంత తేలిగ్గా అనేస్తాడని ఆమె అనుకోలేదు. 'ఆగు, నాలుగు నెలల్లో వస్తున్నాను' అంటాడనుకుంది. అని ఉంటే ఆగేది కూడా. ఆ బ్యాచి కాకపోతే ఇంకో బ్యాచి. కానీ వాడు అనలేదు. "సరేరా, చలిగాలిలో తిరక్కు," అని పెట్టేసింది.

కంప్యూటర్ ఇంటికొచ్చింది. మొదటి అక్షరం తెర మీద పడగానే ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. నొక్కితే పడుతుందని తెలిసినా, ఆమె వేళ్లకు అది అలవాటు లేని సంగతి. రెండు నెలలు మధ్యాహ్నాలన్నీ కూర్చుని టైపు చేసింది. పుస్తకం అచ్చయింది. అట్ట మీద ఆమె అసలు పేరు వేశారు. వీధిలో చాలామందికి అది ఎవరి పేరో అర్థం కాలేదు. భర్త డిపోలో అందరికీ చూపించి వచ్చాడు. ఆమెకూ సంతోషమే. అయినా పని ముగించి కంప్యూటర్ ఆపేసినప్పుడల్లా తల దానంతటదే అటక వైపు తిరిగేది.

నాలుగు నెలలకు తమ్ముడు వచ్చాడు. చెంపలు నెరిశాయి. కొన్న కంప్యూటర్ ముందు కూర్చుని, "బాగుందక్కా, నీ పనికి ఇది చాలు," అన్నాడు. ఆమె మాత్రం వాడి చాటున ఏదో తప్పు చేసినట్టు కాఫీ గ్లాసు అందించి పక్కకు తప్పుకుంది.

రెండో రోజు వాడే స్టూలెక్కి మూటలు దించాడు.

"ఒరేయ్, అవి ఒకదానికొకటి పట్టవుట. షాపాయన చూశాడు. నీకెలా చెప్పాలో తెలీక..."

"తెలుసక్కా."

"తెలుసా?"

"ప్రాసెసరు కొన్నప్పుడు షాపువాడు ఏ బోర్డని అడిగాడు. నాకు గుర్తు లేదు. ఓడలో మోటార్లూ బల్బులూ తప్ప నాకేం వచ్చు? ఏదో ఒకటివ్వమన్నాను. తర్వాత తెలిసింది."

"మరి చెప్పలేదేంరా ఇన్నాళ్లూ?"

వాడు గలీబు అంచు మడతపెడుతూ కూర్చున్నాడు. "ఊరికే అక్కను చూసొస్తానంటే ఒక్క పూటలో తిరిగి వెళ్లాలి. అక్కింట్లో కంప్యూటర్ బిగించాలంటే నాలుగు రోజులు. ఎవరూ ఏమీ అనరు. అది కాస్తా అయిపోతే..." అని ఆపేశాడు.

ఆమె వాడి చేతిలోని గలీబు లాక్కుంది. "వెర్రివెధవా," అని లేచి చెప్పులేసుకుంది. "పద షాపుకి."

అదృష్టం బాగుండి, ఆ వారమే షాపాయన ఊడదీసిన పాత కంప్యూటర్‌లో ఆ ప్రాసెసరుకు సరిపోయే బోర్డు దొరికింది. దానివే మెమరీ, హార్డ్ డిస్కు, తెరా కీబోర్డూ కూడా ఇచ్చాడు. భోజనాలయ్యాక ముందుగదిలో చాప పరిచి కూర్చున్నారు. స్క్రూలన్నీ ఆమే బిగించింది. వాడు టార్చి పట్టుకున్నాడు. "కాస్త ఎడమకి. నా కంట్లోకి కాదురా, లోపలికి," అని కసిరింది. వాడు చిన్నప్పటిలాగే సరిగ్గా పట్టుకోలేదు. చివరి తీగ పెట్టి మీట నొక్కితే తెర వెలిగింది.

గోడ గడియారం చూశారు. గంటన్నర పట్టింది.

"ఇంతేనా అక్కా?"

"ఇంతేరా."

ఇద్దరూ చాప మీదే కూర్చున్నారు. చేయడానికి ఇంకేమీ లేదు. లేవడానికి మాత్రం ఇద్దరికీ మనసొప్పలేదు. సాయంత్రం ఇంటాయన వచ్చి, "రెండున్నాయే! ఒకటి నాకా?" అనేదాకా అక్కడే ఉన్నారు.

మూడో రోజు తమ్ముడు వెళ్లిపోయాడు. బస్సెక్కుతూ 'వచ్చేసారి' అనబోయి, చెయ్యి ఊపాడు.

వాళ్లు బిగించినది కొన్నదానికంటే నెమ్మది. అయినా ఆమె రోజూ దాని ముందే కూర్చుంటుంది. పుస్తకం రెండో భాగం మొదలుపెట్టింది. రెండు నెలలకు వాడు ఫోన్ చేశాడు.

"నడుస్తోందా అక్కా?"

"శుభ్రంగా నడుస్తోంది."

"ఏమీ ఇబ్బంది లేదుగా?"

"లేదురా."

"ఓ... మంచిదే," అన్నాడు వాడు. అటు గాలి హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆమె క్యాబినెట్టు మీద చెయ్యి వేసింది. లోపల ఫ్యాను మెత్తగా తిరుగుతోంది.

"ఫ్యానే కాస్త గరగరమంటోందిరా," అంది.

కుట్టుమిషన్లు బాగుచేసే మనిషికి ఒక ఫ్యానులో నూనె చుక్క వేసుకోవడం రాదా అని వాడు అడగలేదు.

"నువ్వు విప్పకక్కా," అన్నాడు గబగబా. "నేనొచ్చాక చూస్తా. నాలుగు రోజులుండేలా వస్తా."

"సరే, ముట్టుకోనులే," అంది.