తలుపు వేసుకో మామా

ఉగాదికి వారం ముందు మా ప్రొద్దుటూరు వీధుల్లో యాసిడ్ వాసన మొదలవుతుంది. ఇళ్ళు దులిపి, గోడలకు సున్నాలు వేసి, చివరికి స్నానాల గది దగ్గరకు వస్తారు జనం. ఆ ఘాటుకు అందరికీ కళ్ళు మండుతాయి. నాకు సిగ్గు కూడా వేస్తుంది. ఇరవై ఏళ్ళు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. సున్నపురాయి మీద ఆమ్లం పడితే పొంగుతుందని నల్లబల్ల మీద ఏటేటా రాసినవాణ్ణి. అయినా ఒక ఉగాదికి, బోరునీళ్ళ మరకలు పోగొడదామని, మా స్నానాల గదిలోని కడప బండల మీద సీసాడు యాసిడ్ స్వహస్తాలతో పోశాను. కడప బండ కూడా సున్నపురాయేనన్న సంగతి అది బుసబుసా పొంగాక గుర్తొచ్చింది. నల్లగా నిగనిగలాడే నేల విభూతి పూసుకున్న సన్యాసిలా తయారైంది. నా భార్య సుభద్ర గుమ్మంలో నిలబడి, "పాఠం బాగా అర్థమైందా?" అని మాత్రం అంది.

ఆ నేలను బాగుచేయడానికి వచ్చినవాడు బండల మేస్త్రీ మస్తాన్ మామ. జమ్మలమడుగు నుంచి మొదటి బస్సుకు, గోనెసంచిలో తాపీ, సుత్తి, కోత మిషన్ వేసుకుని దిగాడు. కువైట్‌లో పన్నెండేళ్ళు పెద్దపెద్ద భవనాల్లో అద్దాల్లాంటి టైల్సు పరిచి, తిరిగొచ్చాక కడప బండ తప్ప ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి. నేల మీద గొంతుక్కూర్చుని, వేలితో రాసి చూసి, తలెత్తాడు.

"ఏం పని చేస్తాండావు సార్?"

"కెమిస్ట్రీ చెప్తాను మామా."

"పిల్లోళ్ళకు ఈ సంగతి చెప్తాండావా, లేదంటే నేనొచ్చి చెప్పాల్నా?"

ఆ పూట నుంచి నేను ఆయన దగ్గర చేరిన విద్యార్థిని. బండకు ఏ పులుపూ పనికిరాదనీ, నిమ్మచెక్క కూడా తగలకూడదనీ, కుంకుడురసం, కొబ్బరిపీచు చాలనీ నేర్పాడు. గూట్లో బండలకు ఏడాదికోసారి నాలుగు చుక్కల కొబ్బరినూనె రాయమన్నాడు. "నేలకు మాత్రం పూసేవు. నడుములు ఇరుగుతాయి," అని వెంటనే హెచ్చరించాడు. నా మీద ఆయనకున్న నమ్మకం అంతటిది. మా ప్రిన్సిపాల్ ఇంట్లోలాగా తెల్లని నున్నని టైల్సు వేద్దామని నేను సణిగితే, "నున్నగుంటే చూసేదానికి బాగుంటాది సార్. పడేదానికి ఇంకా బాగుంటాది," అన్నాడు. పాడైన బండలు తీసేసి కొత్తవాటిని గరుకువైపు పైకి పెట్టి పరిచాడు. పని ముగిశాక చెంబెడు నీళ్ళు నేల మీద పోసి, ఆఖరి చుక్క తూముదాకా పాకేవరకు గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు. అప్పటిదాకా సుభద్ర ఇచ్చిన టీ ముట్టలేదు.

బండ కోయాల్సి వచ్చిన ప్రతిసారీ దాన్ని మోసుకుంటూ హాలు దాటి వీధిలోకి వెళ్ళేవాడు. ముందు దాన్ని నీళ్ళలో తడిపేవాడు. మూతకు చిల్లు పెట్టిన నీళ్ళసీసా ఒకటి మిషన్‌కు కట్టుకునేవాడు. ఎందుకింత తతంగమని అడిగాను. "రాయికి దప్పికైతే దుమ్ము కక్కుతాది. అది మనం తినాల్సొస్తాది," అన్నాడు.

రెండేళ్ళ తర్వాత అదే గదికి గోడ బండలు వేయించాను. పండక్కి రెండు రోజులే ఉన్నాయి. సుభద్ర అన్నగారి కుటుంబం వస్తోంది. ఇల్లంతా సున్నం వేయించి, నేల కడిగించి, నేను గొప్పగా తిరుగుతున్నాను. మామ బండతో హాలు దాటినప్పుడల్లా బురదచుక్కలు పడుతున్నాయి.

"మామా, ఈ ఒక్కసారికి లోపలే కోసేయ్. నీళ్ళు వద్దు, బురదవుతుంది. తలుపు వేసుకో."

ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "సరే సార్," అని, తువ్వాలు మూతికి చుట్టుకుని, తలుపు వేసుకున్నాడు. రెండు రోజులు ఆ తలుపు వెనక మిషన్ అరిచింది. హాల్లో ఒక్క రేణువు పడలేదు. ఆయన బయటికి వచ్చినప్పుడు కనుబొమ్మలు, రెప్పలు, చెవులు తెల్లగా ఉన్నాయి. నేను ఊరుకోకుండా, "పండక్కి నీకూ సున్నం వేసినట్టున్నారే మామా," అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందన్నారని, పులివెందులలో కూతురి దగ్గర ఉన్నాడని ఏడాది తర్వాత తెలిసి వెళ్ళాను. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్, ముక్కుకు గొట్టం. నన్ను చూడగానే అడిగింది ఒకటే.

"నీళ్ళు యాడన్నా నిలుస్తాండాయా?"

"లేదు మామా." "ఆ రోజు తలుపు వేసుకోమన్నాను," అన్నాను.

ఆయన ఊపిరి కూడదీసుకుని, "ముప్పై ఏండ్లు తిన్న దుమ్ము సార్ ఇది. రెండు దినాలకు నీకెందుకు అంత పెద్ద వాటా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతలో వీధిలో లారీ పోయింది. "అన్నా, ఆ తలుపు రవ్వంత ఏస్తారా, నాయనకు దుమ్ము పడదు," అంది కూతురు. లేచి వేశాను. గడియ మాత్రం పెట్టలేదు.

ఆ వేసవి దాటకుండానే ఆయన పోయాడు. జమ్మలమడుగులో ఖననం. అందరితో పాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. ఆరిన మట్టి. పొడిపొడిగా లేచింది.

మొన్న ఉగాదికి మేడ మీది స్నానాల గదిలో పని పెట్టాం. కొత్త మేస్త్రీ మిషన్‌తో లోపలికి వెళ్ళి, "రంగులు కొత్తగా ఏసినారు కదా సార్, తలుపేసుకుంటా," అన్నాడు. వద్దన్నాను. కిందికి దిగి, స్క్రూడ్రైవర్ వెతికి, మస్తాన్ మామను నేను వేసుకోమన్న ఆ కింది గది తలుపును బందుల నుంచి ఊడదీయడం మొదలుపెట్టాను. ఆరు మరలకు అరగంట పట్టింది. సుభద్ర వచ్చి రెండో కొస పట్టుకుంది. వీధిలో ఇటుకల మీద దాన్ని పడుకోబెట్టి, పక్కన నీళ్ళ బకెట్ పెట్టి, "దీని మీద పెట్టి కోయప్పా, బాగా తడిపి," అన్నాను. బురద హాలంతా పాకింది. కోతమిషన్ పళ్ళు తలుపులోకి నాలుగుచోట్ల దిగాయి. నేను కుర్చీ వేసుకుని తృప్తిగా చూశాను.

పండక్కి వచ్చిన బావమరిది, "తలుపేది బావా?" అన్నాడు.

"దానికి శిక్ష పడింది," అన్నాను.

గుమ్మానికి సుభద్ర పాతచీర కట్టింది. గడియ లేదు కనుక, లోపల ఎవరన్నా ఉన్నారేమోనని ఆ రెండు రోజులూ చుట్టాలందరూ బయట నిలబడి దగ్గారు. ప్రతి దగ్గుకూ నేను తలెత్తి చూశాను.