అలుగు కాడ బుగ్గయ్య లైను

లైన్ తప్పినోడు కనవడితె బుగ్గయ్యకు ఒళ్లు మండుతది. ఆయన గురించి తెలవాల్సింది గిదొక్కటే, మిగిలిందంత దీంట్లకెళ్లి పుట్టిందే. ఆకలికి ఓర్సుకుంటడు, ఎండకు ఓర్సుకుంటడు, పెండ్లాం పోరు సుత ఓర్సుకుంటడు. నలుగురు నిలవడ్డ కాడ ఐదోడు నడుమల జొర్రిండంటె మాత్రం మొకం ఎర్రగైతది, మెడల ఉన్న విజిల్ నోట్లెకు పోతది.

ముప్పై ఏండ్లు ఇబ్రహీంపట్నం డిపోల కండక్టర్ చేసిండు. రిటైరై ఆరేండ్లాయె గని విజిల్ మెడలకెళ్లి తియ్యలే. పెండ్లికి పోతె బఫే కాడ ప్లేట్లు పట్టుకున్నోళ్లను సరిజేస్తడు. దవాఖానకు పోతె కడుపునొప్పి మర్శిపోయి ఓపీ చీటీల కాడ లైన్ కట్టిస్తడు. ఒకపారి బాలాపూర్ లడ్డు వేలానికి పోయి, పాట పాడెటోళ్లను "ఒక్కొక్కలు, ఒక్కొక్కలు" అనుకుంట వరుసల నిలవెట్టబోయిండంట. నలుగురు రెక్కలు పట్టుకొని బస్సెక్కిచ్చిన్రు. బస్సుల సుత ఊకున్నడా? "లోపటికి జరుగున్రి, డోర్ల నిలవడకున్రి" అని ఊరొచ్చెదాంక ఒర్లిండు. బస్సుల ఉన్నది ఆరుగురే.

గసొంటి మనిషి చేతికి చెరువు అలుగు చిక్కింది.

ఎన్నేండ్లకో పెద్ద చెరువు నిండి, అలుగు మీదికెళ్లి నీళ్లు దుంకుడు మొదలైంది. అలుగు పారితె కింద వాగుల ఉన్న చేపలు ఆగయి, నీళ్లకు ఎదురెక్కుతయి. చేపలు ఎదురెక్కితె మనుషులు సుత ఆగరు. తెల్లారెసరికి మందంత అలుగు కిందనే. గాలం పట్టరానోడు సుత గాలం పట్టుకొనొచ్చిండు. సెల్ఫీలు తీసుకునెటోళ్లు, ప్లాట్ల కాయితాలు పంచెటోళ్లు, ఎవన్నీ చూడకుంట ఎనుకకు గాలం ఇసిరెటోళ్లు! ఒకని గాలం ఇంకొకని బనీన్ల దిగింది. ఒకనిదైతె మక్కకంకులు కాల్చెటామె కొంగుకు తట్టుకుంటె, పెద్ద చేప పడ్డదని వాడు గుంజుడే గుంజుడు. ఆమె కాలే కట్టె పట్టుకొని ఉరికిచ్చింది. మంచిగ చేసింది.

మూడో దినం బుగ్గయ్య వచ్చిండు. ఒక చేతిల గొడుగు, ఇంకో చేతిల సున్నం డబ్బ. అలుగు కింది మడుగు ఒడ్డుకు సిమెంటు గట్టు మీద సున్నంతోని గీత గీసిండు. మనిషికి మనిషికి నడుమ గొడుగంత జాగ ఉండాలె. గొడుగు అడ్డంపెట్టి కొలుస్తడు. చేప తగిలినోడు "పడ్డదీ" అని ఒర్లాలె. ఒర్లంగనె మిగిలినోళ్లు గాలాలు పైకి తియ్యాలె. పడ్డోని కుడిపక్కోడు చేతివల పట్టుకొని నీళ్లల్లకు దిగాలె, వాడు దోస్తయినా దుష్మనైనా సరే. ప్రతి రూలుకు ఒక నంబరుంటది. గా నంబరు పూటకొకటి మారుతది.

"గిది ఏడో నంబరు రూలు."

"నిన్న మూడో నంబరంటివి గద కాకా?"

"నిన్నటిది నిన్ననే అయిపోయింది. నువ్వు గొడుగంత జరుగు."

గీ రూళ్లంటె ఐలేష్‌కు అరికాలి మంట నెత్తికెక్కుతది. ఆయన కాలేజీ బస్సు డ్రైవర్. డ్రైవర్ ఏనాడన్న కండక్టర్ విజిల్‌కు సంబురంగ బ్రేక్ ఏసిండా? దానికి తోడు అందర్లెక్క ఆయన సోకుకు రాలేదు. ఆయనకు చేప కావాలె. కావాలంటె కావాలె.

నాలుగేండ్ల కింద ఇంట్ల దావత్ అయింది. ఐలేష్ అక్క యశోద, బావ అమరేందర్ తుక్కుగూడకెళ్లి వచ్చిన్రు. ఎవలు వడ్డిచ్చిన్రో ఏమో, అమరేందర్ ఇస్తారిల చేప తోక ముక్క పడ్డది. ఇంటల్లునికి తోక ముక్క! అమరేందర్ ఇస్తారి మలిచిండు. "తలకాయ ఎవలికి పోయింది?" అన్నడు. పొద్దుగాల్ల సంది వడ్డిచ్చి వడ్డిచ్చి నడుము ఇరిగిన ఐలేష్‌కు కోపం ఆగలే. "మా చెరువు అలుగు పారిన్నాడు, ఎదురెక్కిన బొచ్చె చేప తలకాయ పెడ్త తియ్. గప్పుడు రా!" అన్నడు. అప్పటికి చెరువుల బర్రెలు మేస్తున్నయి. అంటె ఎన్నడు రాకు అన్నట్టే.

"గట్లనే! గా చేప పెడ్తెనే నీ గడప తొక్కుత. గప్పటిదాంక నీ అక్క సుత తొక్కది," అని అమరేందర్ యశోదను తోలుకొని పోయిండు. పోయిండంటె పోయిండు. అప్పటి సంది తల్లి నర్సింహమ్మ బిడ్డను చూడాల్నంటె తుక్కుగూడ బస్టాపులనే. బిడ్డ టిఫిన్ డబ్బ ఇస్తది, తల్లి తొక్కు సీస ఇస్తది, ఇద్దరు బెంచి మీద కూసోని ఏడుస్తరు, బస్సొస్తె తల్లి ఎక్కుతది. ఒక్క తోక ముక్క కోసం! ఐలేష్‌కు బావ మీద కోపం ఉండె. తన నోటి మీద అంతకు రెండింతలు ఉండె.

అలుగు పారంగనె బావకు ఫోన్ కొట్టిండు. "ఆదివారం వస్తం, సక్కగ అలుగు కాడికే," అన్నడు అమరేందర్. "నువ్వే పట్టాలె. కొనుక్కొచ్చినది పెడ్తె నాకు ఎరుకైతది. పడ్తె మీ ఇంటికొస్తం, పడకుంటె అటుకెళ్లి అటే వాపస్ పోతం."

బుధవారం నాడు ఐలేష్ గాలానికి మంచి చేపే తగిలింది. కట్టె వంగింది. ఐలేష్ ఒక్క అడుగు ముంగటికి ఏసిండు. విజిల్ పలికింది.

"ఏంది కాకా?"

"కాలు."

"కాలుకేమైంది?"

"గీత దాటింది."

"చేప గుంజుతుంది కాకా!"

"చేపకు రూలు తెల్వది. నీకు తెల్సు గద. ఎనుకకు రా."

ఐలేష్ ఎనుకకు వచ్చిండు. చేప సుత తెంపుకొని ఎనుకకే పోయింది. ఐలేష్ తిట్టిన తిట్లకు కంకులామె చెవులు మూసుకుంది. బుగ్గయ్య మాత్రం గొడుగు పట్టుకొని పక్కోని జాగ కొలుస్తున్నడు.

గురువారం ఐలేష్ కొంచెం తెలివి చేసిండు. పొద్దుగాల్ల బస్సు డ్యూటీకి పోకముందే వచ్చి, మంచి జాగ చూసి తువ్వాల పరిచి పోయిండు. పాపం, ఎవలి కాడ తువ్వాల పరుస్తున్నడో సోయి లేదు. సాయంత్రం వచ్చి చూస్తె తువ్వాల కరెంటు స్తంభానికి జెండలెక్క ఎగురుతుంది.

"ఎవడు చేసిండిది?" అన్నడు ఐలేష్.

"నేనే," అన్నడు బుగ్గయ్య. "ముప్పై ఏండ్లు! కిటికీలకెళ్లి సీట్ల మీద ఏసిన తువ్వాలలు తీసి తీసి నా చేతులు అరిగినయి. గర్భిణీలు నిలవడుడు, తువ్వాలలు కూసునుడు! పో, చివరకు పోయి నిలవడు."

చివర్న మోకాలి లోతు సుత నీళ్లు లేవు. ఐలేష్ గా బురదల నిలవడి రెండు ఎండ్రికాయలు పట్టిండు.

ఆదివారమొచ్చింది. ఐలేష్ సూర్యుడు పొడువకముందే వచ్చి మడుగు కాడ జాగ సంపాదిచ్చిండు. ఆయన ఎడమ దిక్కు మల్లేశయ్య, మల్లేశయ్య అవతల ఆయన తమ్ముడు అంజిలయ్య. కుడి దిక్కు మాత్రం ఖాళీ. ఎనుక వందమంది గాలాలు పట్టుకొని నూకుతున్నరు గని బుగ్గయ్య గా జాగలకు ఎవ్వన్నీ రానిస్తలేడు.

"కుడిపక్క మనిషేడి కాకా?" అన్నడు ఐలేష్.

"గది రిజర్వుడు."

"ఎవలికి?"

"రిజర్వుడంటె రిజర్వుడు. బస్సుల గట్ల అడుగుతవా?"

"మరి నాకు చేప పడ్తె వల ఎవలు పడ్తరు? నీ గొడుగు పడ్తదా?"

"నువ్వు ముందుగాల చేప పట్టు. నోరు తర్వాత పారేసుకుందువు."

వారమంత మింగిన కోపం ఐలేష్‌కు గొంతు కాడికొచ్చింది. ఇయ్యాల చేప పడకుంటె అక్క మళ్ల ఎన్నేండ్లకొస్తదో, చెరువు మళ్ల ఎన్నేండ్లకు నిండుతదో. గీ ముసలోనికి గదేమన్న పట్టిందా? సున్నం గీత ఉంటె సాలు!

పదకొండు గొట్టంగ కట్ట కింద కారాగింది. యశోద దిగి ఆడనే నిలవడ్డది. అమరేందర్ ఇస్త్రీ చేసిన తెల్లంగి, తెల్ల పాయింటు ఏసుకొని మందిని నూక్కుంట, గీతలు తొక్కుకుంట సక్కగ మడుగు ఒడ్డుకు వచ్చిండు. బుగ్గయ్య విజిల్ గీసారి అలుగు సప్పుడు కంటె ఎక్కువ పలికింది.

"ఎవల్రా గది! లైన్ కనవడుతలేదా?"

"నేను గీ ఊరి అల్లున్ని," అన్నడు అమరేందర్.

"అల్లుడైతె? గీ ఊర్ల అందరల్లుళ్లు గిట్లనే అడ్డం పడి వస్తె, గీ ఊరోళ్లు ఏడ నిలవడాలె? పదకొండో నంబరు రూలు. గీత తొక్కినోడు ఊకె చూసుకుంట ఉండొద్దు. గదిగో, గా జాగల నిలవడు. గీ వల పట్టు!"

అమరేందర్ ఏమో అనబోయిండు. అప్పటికే వల చేతిల ఉంది, భుజం మీద గొడుగు ఉంది, ఆయన ఐలేష్ కుడిపక్కన ఉన్నడు. అటువంటి నూకుడు నూకిండు బుగ్గయ్య, కండక్టర్ చెయ్యి గద.

బావ బామ్మర్దులు చెరో దిక్కు మొకం పెట్టుకున్నరు.

"వల జర కిందికి పట్టాలని చెప్పున్రి," అన్నడు ఐలేష్, మల్లేశయ్య దిక్కు చూసి.

"చెప్పెటోనికి గాలం పట్టుడు వచ్చునా అని అడుగున్రి," అన్నడు అమరేందర్, నీళ్ల దిక్కు చూసి.

"నన్నెందుకు నడుమల తెస్తర్రా?" అన్నడు మల్లేశయ్య.

గప్పుడే బెండు మునిగింది. కట్టె సగానికి వంగింది. "పడ్డదీ!" అని ఐలేష్ ఒర్లిండు. వరుసల ఉన్న గాలాలన్ని ఒక్కసారి పైకి లేచినయి. ఒక్కటన్న అడ్డం రాలే. అమరేందర్ తెల్ల పాయింటు సంగతి మర్శి నడుము లోతు నీళ్లల్ల దుంకిండు.

"తలకాయ దిక్కు పట్టు బావా! తలకాయ దిక్కు!"

"తోకనే దొరికింది రా! నాకు ఎప్పటికి తోకనే తగులుతది!"

ఐలేష్ గాలం ఇడిసిపెట్టి తను సుత దుంకిండు. బొచ్చె ఒక్క దెబ్బ కొడ్తె ఇద్దరు బురదల పడ్డరు. బావ బామ్మర్దిని పట్టుకొని లేచిండు, బామ్మర్ది చేపను పట్టుకొని లేచిండు. ఇద్దరు కలిసి దాన్ని ఒడ్డుకేసిన్రు. పసిపిల్లగానంత బొచ్చె, దాని తలకాయే ఒక కూర గంజుకు సరిపోతది. కట్ట కింద యశోద కొంగు నోట్ల పెట్టుకొని నవ్వుతుందో ఏడుస్తుందో తెల్వకుంట ఉంది.

బుగ్గయ్య వచ్చి చేప కడుపు ఒత్తిండు. వేళ్ల నడుమ గుడ్లు కనవడ్డయి.

"పధ్నాలుగో నంబరు," అన్నడు. "గుడ్ల చేపను చెరువుల ఇడువాలె."

ఐలేష్ చేపకు అడ్డం నిలవడ్డడు. "కాకా, నీ కాళ్లు మొక్కుత. మా అక్క నాలుగేండ్లాయె ఇంటికి రాక. గీ ఒక్కదాన్ని ఇడిసిపెట్టు."

"ఇడువాల్నంటున్న గద. చెరువుల ఇడువు. గది ఎదురెక్కింది గుడ్లు పెట్టనీకె, నీ కూరకు కాదు."

"నీ రూళ్లు మన్నుల గలువ! నువ్వు మనిషివేనా? నీకు అక్కసెల్లెండ్లు లేరా?"

"ఏందిరా ఒర్లుతవ్? నీకు గీ వానకాలమంత గాలం బంద్! బయటికి నడువు!" బుగ్గయ్య గొడుగుతోని ఐలేష్ భుజం మీద పొడిచిండు.

"ఏయ్ పెద్దమనిషీ!" గీసారి ఒర్లింది అమరేందర్. తెల్లంగి మీద బురద, చెవుల నాచు. "మా బామ్మర్దిని పొడుస్తవా? వాడు వారం సంది కష్టపడి పట్టుకుంటె నీ పెత్తనమేంది? గీ అలుగు నీ అయ్య కట్టిచ్చిండా?"

"మంచిగ అడుగు బావా!"

"నువ్వుండు రా, నేను అడుగుత!"

అడిగిండు. అడగాల్సినవి, అడగరానివి, అన్నీ అడిగిండు. బావ ఆపితె బామ్మర్ది అందుకున్నడు. బుగ్గయ్య మాత్రం "చేప సస్తది, జల్ది పోన్రి" అన్నడు, అంతే. చేసేదేమి లేక ఇద్దరు చెరో దిక్కు పట్టి, తిట్టుకుంట తిట్టుకుంట చేపను కట్ట ఎక్కిచ్చి చెరువుల ఇడిసిన్రు. బొచ్చె ఒకపారి తోక ఆడిచ్చి మునిగింది. ఇద్దరు నీళ్ల దిక్కు చూసుకుంట నిలవడ్డరు.

"నడువు రా ఐలేష్," అన్నడు అమరేందర్. "గా ముసలోని మొకం ఇంకొక్క నిమిషం చూస్తె నాకు బీపీ లేస్తది. ఇంట్ల ఏం వండిన్రు?"

"టమాట పప్పు," అన్నడు ఐలేష్.

"గదే తిందాం."

గా మాట చెవుల పడంగనె యశోద ఉరికి పోయి కార్ల కూసుంది. మొగని బుద్ధి మళ్ల మారకముందే డోర్ సుత ఏసుకుంది.

ఐలేష్ గాలం కట్టె తెచ్చుకోనీకె కిందికి దిగితె, మల్లేశయ్య అందిచ్చిండు. "ఎందుకు రా గంత తిట్టినవ్ గాయిన్ని?"

"తిట్టకుంటె ఏం జెయ్యాలె?"

"మా అంజిలయ్యకు నాకు బోరు కాడ లొల్లి, రెండేండ్లు మాటల్లేవ్. పోయిన సోమవారం వాన్ని తెచ్చి నా కుడిపక్కన నిలవెట్టిండు. జరుగుత అంటె రూలు ఒప్పుకోదన్నడు. నాకు చేప పడ్డది, వాడు వల పట్టక తప్పలే. వల పట్టినోనితోని మాట్లాడకుంట ఎట్లుంటం? మీ ఇంటి లొల్లి, ఇయ్యాల మీ బావ వచ్చుడు ఊరందరికి ఎరుకే. నీ పక్క జాగ పొద్దుగాల్ల సంది ఎవలికి ఆపిండనుకున్నవ్?"

ఐలేష్ ఎనుకకు తిరిగి చూసిండు. బుగ్గయ్య గొడుగు పట్టుకొని కొలుస్తున్నడు. అటొకలు ఇటొకలు, మొకాలు మాడ్చుకున్న ఇద్దరాడోళ్లు నిలవడి ఉన్నరు. తోటికోడండ్లేమో. ఐలేష్ పోయి ఒక మాట అందామనుకున్నడు. మళ్ల ఊకున్నడు. గిది బావకు తెలిస్తె మళ్ల అలుగుతడు, గీసారి అలకకు ఏం చేప అడుగుతడో.

ఇంట్ల అమరేందర్ పప్పన్నం కలుపుకుంట బుగ్గయ్యను తిట్టుడు మొదలువెట్టిండు. యశోద తల్లి పక్కపొంటి కూసోని చెయ్యి ఇడుస్తలేదు. నర్సింహమ్మ ఇంకో చేతితోనే నెయ్యి ఏసుకుంట, "అవ్ బిడ్డా, గాయిన మంచోడు కాదు. ఎంత తిట్టినా తప్పు లేదు. ఇంకింత పెట్టుకో," అన్నది. అమరేందర్ మారు పెట్టిచ్చుకున్నడు. అయినా మనిషికి ఎన్ని తిట్లని వస్తయి? మెల్లగ అయిపోవచ్చినయి. తిట్లు ఒడిస్తె బావ చెయ్యి కడుక్కుంటడు, కడుక్కుంటె కారెక్కుతడు.

"బావా, ఒకపారి సావు కాడ సుత లైన్ కట్టిచ్చిండు గాయిన, నీకెరుకనా?" అన్నడు ఐలేష్.

"ఎవల సావుకు రా?" అని అమరేందర్ ఇంకో గంటెడు పప్పు ఏయిచ్చుకున్నడు.