చిన్నమ్మకు సీటు దొరకని రైలు

ఈరోజు పొద్దున అల్వాల్‌లో లోకల్ రైలెక్కి, పైనున్న పట్టీ పట్టుకుని నిలబడ్డానో లేదో, చిన్నమ్మ ఫోను. మా అమ్మకు ఆఖరి చెల్లెలు, బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. క్షేమసమాచారాలేమీ అడగదు. "సీటు దొరికిందా?" అంటుంది. లేదంటే చాలు, అవతల పకపకా నవ్వు. మనం జనంలో నలిగిపోతున్నామంటే ఇంత సంబరపడే బంధువు ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు.

కొన్నేళ్ళ కిందట ఇదే రైల్లో ఆవిడ పెట్టె మొత్తానికీ ఒక్కతే కూర్చునేది. మోకాళ్ళు అరిగి బస్సు మెట్లెక్కలేకపోయేది. ఆటోవాళ్ళతో బేరమాడితే ఆరోజంతా గొంతు పలకదని బాధ. సికింద్రాబాద్‌లో చర్చి, అక్కడ పాటలు పాడే క్వయర్ బృందం ఆవిడ ప్రాణం. వాటి దగ్గరికి ఒకరి సాయం లేకుండా చేర్చేది ఈ రైలొక్కటే. కానీ అది సికింద్రాబాద్ చేరేసరికి ఆఫీసుల్లో రెండో టీ కూడా అయిపోయేది. ఇంకెవరెక్కుతారు? ఎవరూ ఎక్కడం లేదు కాబట్టి ఎత్తేస్తారన్న మాట చెవిన పడ్డ పూట చిన్నమ్మ అన్నం ముట్టలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్ళి, బండిని ఆఫీసుల వేళకు ముందుకు జరపమంది. ఆయన మంచివాడే, చాయ్ కూడా తెప్పించాడు. "జనం ఎక్కితే పైవాళ్ళకు చెప్పొచ్చమ్మా. ఖాళీ బండికి టైం మార్చమని ఎట్ల అడగాలె?" అన్నాడు. టైం మారితే గానీ జనం రారు, జనం వస్తే గానీ టైం మారదు. చిన్నమ్మ చాయ్ పూర్తిగా తాగి, "సరే, జనాన్ని తెస్తాను" అని లేచింది.

ఆవిడ చేతిలో ఉన్న జనమంటే క్వయరే. రిటైరైన టీచర్లు, నర్సులు, ఒక పోస్టుమాస్టరు గారు; ఆలస్యమవుతుందన్న బెంగ ఎవరికీ లేదు. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ఇకనుంచి రోజూ రైల్లోనేనని హుకుం జారీ చేసింది. ఆడగొంతులు కిటికీల వైపు, మగగొంతులు తలుపు వైపు. సికింద్రాబాద్‌లో దిగి ఇరానీ చాయ్, బిస్కెట్, మళ్ళీ పాడుకుంటూ వెనక్కి. ఒకరోజు సఫిల్‌గూడలో, అమ్మవారి గుడికి బయల్దేరిన భజన ఆడవాళ్ళు ఎక్కి, కాసేపు విని, "మేం సుత పాడుతం" అన్నారు. ఆనాటి నుంచి ఒక పాట వాళ్ళది, ఒక పాట వీళ్ళది. పోస్టుమాస్టరు గారు స్నానం చేస్తూ భజనలు పాడుతున్నారని ఆయన భార్య చిన్నమ్మకు ఫిర్యాదు చేసింది కూడా. వినడానికని కాలేజీ పిల్లలు, పూలమ్మేవాళ్ళు, పనున్నవాళ్ళు, లేనివాళ్ళు ఎక్కడం మొదలుపెట్టారు. టికెట్ లేనివాళ్ళను చిన్నమ్మ గొంతు కలపనిచ్చేది కాదు. అసలు టికెట్ కలెక్టరేమో తలుపు దగ్గర ఇరుక్కుపోయి, "జెర జరుగుండ్రి, పాట అయినంక చూస్త" అనేవాడు.

పండగ వెళ్ళాక పై అధికారులు వచ్చి చూసుకున్నారు. కొత్త టైంటేబుల్లో బండి ఆఫీసుల వేళకు జరిగింది. మొదటి రోజు చిన్నమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. బేగంపేటలో ఉద్యోగం కాబట్టి నేనూ వెంట ఎక్కాను. పెట్టె నిండా బ్యాగులు తగిలించుకున్న ఆఫీసు జనం. సీటు లేదు. ఎవరో అమ్మాయి లేవబోతే చిన్నమ్మ ఆపేసింది. "కూర్చో తల్లీ. ఇలా నిలబడాలనే ఇన్నాళ్ళూ పాడాను" అంది. కళ్ళలో నీళ్ళు, ముఖం నిండా నవ్వు. నాకు ఆవిణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. మల్కాజిగిరి వచ్చేసరికి మోకాళ్ళు మొరాయించి కూర్చుందనుకోండి, అది వేరే సంగతి.

ఈరోజు ఫోను పెట్టేసి చూస్తే, ఎదురుగా ఒక అమ్మాయి లేచి నిలబడి, "కూర్చోండి ఆంటీ" అంటోంది. ఎవరిని అంటోందో అని వెనక్కి తిరిగాను. నన్నే. ఫరవాలేదమ్మా అని పట్టీ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. ఆనాడు ముందుకు జరిగింది రైలొక్కటే అనుకున్నాను గానీ, అందులో నిలబడే నేనూ చిన్నమ్మ వయసు వైపు రెండు మూడు స్టేషన్లు జరిగానని ఇప్పుడే తెలిసింది.