ఊపిరి పీల్చిన శవం

ఇల్లందులో నాకు టెంట్‌హౌస్ ఉంది. కుర్చీలు, మైకు నావే కాబట్టి మా మిత్రులం ఏటా జరుపుకునే చెత్త సినిమా అవార్డుల సభ మా గోదాము ముందే జరుగుతుంది. ఏడాదంతా టికెట్టు కొని తిట్టుకుంటూ చూసిన సినిమాల మీద కసి తీర్చుకోవడానికి మొదలుపెట్టిన సరదా అది. వాట్సాప్ గ్రూపులో ఓట్లు వేస్తాం. గెలిచినవాళ్లకు బంగారు రంగు పూసిన చీపురు. హీరోలూ దర్శకులూ వచ్చి తీసుకోరు కదా, వాళ్ల తరఫున మాలో ఒకడు వెక్కిరింపు ప్రసంగం చేసి అందుకుంటాడు.

ఆ మధ్య ఒక ఏడాది మాత్రం గెలిచినవాడు మా ఊరివాడే. బస్టాండు దగ్గర బండ్లకు స్టిక్కర్లు, నంబర్లు అతికించే షాపు అతనిది. భద్రాచలం దారిలో, అడవిలో తీసిన ఓ చిన్న సినిమాలో అతనికి శవం వేషం దొరికింది. ఆ సినిమా మా ఊళ్లో ఆడినప్పుడు, పాడె మీద అతని పొట్ట లేచి పడడం చూసి హాలంతా ఈలలు వేసింది. చెత్త నటనకు ఓట్లన్నీ అతనికే పడ్డాయి.

పిలవాలా వద్దా అని మాలో మేము తర్జనభర్జన పడ్డాం. చివరికి నేనే షాపుకు వెళ్లి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. చేతిలోని బ్లేడు పక్కన పెట్టి, "అమ్మను గూడ తోల్కరావొచ్చా అన్నా?" అని అడిగాడు.

"ఇది నవ్వుకునే అవార్డు తమ్మీ."

"ఎరుకే అన్నా" అన్నాడు.

ఆ సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తల్లి ముందు వరుసలో కూర్చుంది. చీపురు అందుకుంటుంటే ఈలల మధ్య ఎవరో "జర ఊపిరి వీల్చుకో!" అని అరిచారు. అతను నవ్వి మైకు తీసుకున్నాడు.

"నిజంగనే వీల్చిన. షూటింగు చూడనీకి మా అమ్మ వచ్చింది. జనంల నిలవడ్డది. నా మీద తెల్లగుడ్డ కప్పి దండ ఏయంగనే ఎక్కి ఎక్కి ఏడుస్తున్నది. మా బాపును గట్ల పండవెట్టంగ చూసింది గదా. ఉత్తదే అమ్మా అందామంటే కెమెరా నడుస్తున్నది. బతికే ఉన్న అని ఆమెకు కనవడాలని పొట్ట ఆడిచ్చిన. పొద్దు గూకుతున్నదని డైరెక్టర్ సారు అదే ఓకే చేసిండు."

ఈలలు ఆగిపోయాయి. అందరం ఆమె వైపు చూశాం. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకోపారి సచ్చే ఏషం ఏస్తే ఆ చీపురుతోనే కొడ్త" అంది. అప్పుడు నవ్వాం. అందరికంటే గట్టిగా అతనే నవ్వాడు.

సభ అయ్యాక కుర్చీలు సర్దుతుంటే అతనూ ఓ చెయ్యి వేశాడు. నేను ఉండబట్టలేక అడిగాను: "థియేటర్ల గట్ల నవ్వుతుంటే నీకు ఏమనిపించింది?"

చేతిలోని కుర్చీ కింద పెట్టాడు. "మనసు చివుక్కుమన్నది అన్నా. గని అమ్మ పక్కనే కూసున్నది. తెర మీద నా పొట్ట కదలంగనే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఇగ వాళ్ల నవ్వులు నాకు ఇనవడలే."

అవార్డులు ఇప్పటికీ ఇస్తున్నాం, సినిమాలను ఇప్పటికీ తిడుతున్నాం. కానీ చిన్న వేషాలవాళ్ల పేరు ఎవరైనా గ్రూపులో పెడితే నాకు వెంటనే ఓటు వేయబుద్ధి కాదు. ఆ షాటు తీసేటప్పుడు కెమెరా వెనక ఎవరు నిలబడ్డారో మనకేం తెలుసు?

ఈ మధ్య అతను మరో సినిమాలో కనిపించాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటుంటాడు. తల్లీకొడుకులు మొదటి ఆటకే వెళ్లొచ్చారట.